ఫొటోలో అదురు

22 అక్టోబర్ 2015, గురువారం. దసరా.

నాన్న మొదటిసారి నా స్టూడియోలో అడుగుపెట్టాడు. ముందుగది స్టూడియో, వెనకగది ఆయనది, మధ్యన ఉన్నది ఒక్క తలుపు. ఆ తలుపు దాటడానికి ఆయనకు మూడేళ్ళు పట్టింది. నగరేశ్వరరావు కిరాణా కొట్టంటే కోటబొమ్మాళిలో ఎవరైనా దారి చూపిస్తారు. ఆయన కొడుకు ఫొటోలు తీసి బతుకుతున్నాడన్న సంగతి మాత్రం ఆయనకొక్కడికే తెలియనట్టు ఉంటాడు. ఏడాది పొడుగునా నాకు దక్కేవి మాటల అక్షింతలే. ఈరోజు పళ్ళెంలో నిజం అక్షింతలు పట్టుకొచ్చాడు.

ఆయుధపూజకి కెమెరా, లెన్సులు, ప్రింటరు పీట మీద పెట్టాను. కొత్త ట్రైపాడ్‌ని పక్కన నిలబెట్టాను. నా భార్య ఝాన్సీ అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి, మేడ మీదికెళ్ళి తన కుట్టుమిషన్‌కీ పెట్టి వచ్చింది. నాన్న అక్షింతలు వేసుకుంటూ వచ్చి ట్రైపాడ్ దగ్గర ఆగిపోయాడు.

"దీని తల ఏదిరా?"

"పైనున్నాది సూడు నాన్నా. దాన్ని హెడ్డంటారు. కెమెరా దాని మీదే కూకుంటాది."

"హెడ్డంటే తలే గదా" అని గుప్పెడు అక్షింతలు దాని తల మీద పోశాడు. తరవాత ఝాన్సీ తల మీద, నా తల మీద. "బొట్లు తుడిసీకండి. పూజ బొట్టు దానంతటదే రాలాల" అని చెప్పి వెనక్కి వెళ్ళిపోయాడు.

నాకు కళ్ళు చెమర్చాయి. ఇది ఎవరికీ చెప్పను.

23 అక్టోబర్

పొందూరు నుంచి చీర వచ్చింది. ఝాన్సీ వాళ్ళమ్మ పద్మకుమారత్త తన ఖద్దరు కొట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే సన్నది ఏరి పంపింది. వాలుగ చేప దవడతో దూది ఏకి వడికిన నూలు. చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే లేదు. విశాఖలో పెద్ద బట్టల షాపు మేడమ్ ఒకావిడ పొందూరు చీరల మీద పుస్తకం వేయిస్తోంది. అందులో ఒక నిండు పేజీకి ఈ చీర నేత దగ్గరగా కనపడాలి, పోగులు వేలు పెట్టి లెక్కపెట్టుకునేలా ఉండాలి. ఫ్లాష్ కొట్టకూడదు, కొడితే నేత చదునుగా చచ్చిపోతుందట. కిటికీ వెలుతురే కావాలి. మేడమ్‌తో ఫోన్లో మాట్లాడి "మా బావ తీస్తాడండీ, దీపావళిలోపు ఇచ్చేస్తాం" అని మాటిచ్చింది ఝాన్సీ.

నాన్న చెల్లెలే అత్తగారైతే ఇదే చిక్కు. ఫొటో చెడితే రెండిళ్ళలోనూ చెడతాను.

కెమెరా ట్రైపాడ్‌కి బిగించాను. కెమెరా అడుగున ఉండే ప్లేటుని హెడ్డు గాడిలో కూర్చోబెట్టి బిగిస్తే మీట కాస్త బిగుతుగా పడింది. కొత్తది కదా.

24 అక్టోబర్

పొద్దున్నుంచీ తీశాను. కెమెరా వెనక చిన్న తెరలో బ్రహ్మాండంగా ఉన్నాయి. కంప్యూటర్లో పెద్దది చేస్తే ప్రతి పోగు పక్కనా ఇంకో పోగు. అదురు. వెలుతురు తక్కువ కాబట్టి షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉండాలి, ఆ కాస్త సేపట్లో కెమెరా వెంట్రుకవాసి కదిలినా నేత అంతా అలికినట్టయిపోతుంది. బటన్ నొక్కిన నా వేలిదే తప్పయి ఉంటుంది. రేపు సెల్ఫ్ టైమర్ పెడతాను, వేలు తగలదు.

25 అక్టోబర్

వేలు తగల్లేదు. అయినా అదురే.

కెమెరా లోపల అద్దం ఉంటుంది, బటన్ నొక్కగానే ఠప్పున పైకి లేస్తుంది. ఆ దెబ్బకి కెమెరా అదురుతుంది. ముందే అద్దం ఎత్తి పెట్టి, అది కుదుటపడ్డాక షట్టరు తెరిచేలా పెట్టాను. అదురే. లెన్సు మీద అదురు ఆపే మీట ఒకటి ఉంటుంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు మంచిదే, స్టాండు మీద పెట్టినప్పుడు మాత్రం దాన్ని ఆపెయ్యాలి. ఆపకపోతే అదురు లేని చోట అదురు వెతికి, దొరక్క, తనే అదురు పుట్టిస్తుంది. అదీ ఆపేశాను. ఇదంతా అన్నం తింటూ ఝాన్సీకి చెప్పాను.

"అచ్చం నీలాగే బావా" అంది.

నాకు నవ్వు రాలేదు.

26 అక్టోబర్

మళ్ళీ అదే.

27 అక్టోబర్

రైళ్ళు. స్టేషన్ ఎంత దూరమని. గూడ్సు వెళ్ళినప్పుడల్లా కిటికీ రెక్కలు గొణుగుతాయి. ఇవాళ గూడ్సు వెళ్ళేదాకా ఆగి, అంతా నిశ్శబ్దమయ్యాక తీశాను. ట్రైపాడ్ కాళ్ళ మధ్య ఇటుకలు పెట్టిన సంచీ వేలాడదీశాను, బరువుకి కదలకుండా ఉంటుందని. అదురే. ఒళ్ళు మండిపోయింది. చీరకి ఒక దండం పెట్టి మడతపెట్టేశాను.

అప్పుడు వినపడింది. పైన టకటకటకటక. ఝాన్సీ మిషన్.

స్టూల్ మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి చూశాను. నీళ్ళు వణుకుతున్నాయి. దొరికింది దొంగ.

28 అక్టోబర్

"బావా, ఈ మిషన్ నువ్వు కెమెరా కొనకముందు నుంచీ ఆడతన్నాది. ఇప్పుడే అదిరిందా?" అంది.

ఇంత దగ్గరగా ఎప్పుడూ తియ్యలేదని, ఇంత సన్న పనికి చీమ నడిచినా తెలుస్తుందని చెప్పాను. చెప్తున్నంతసేపూ సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంది. కార్తీకంలో పెళ్ళిళ్ళున్నాయి, బల్ల మీద జాకెట్ ముక్కలు గుట్టగా ఉన్నాయి. నా పెళ్ళిళ్ళ సీజను మొదలయ్యేదాకా ఈ ఇల్లు నడిచేది ఆ గుట్ట మీదే. అది ఆమె ఎప్పుడూ అనలేదు. అననందుకు నాకు ఇంకా చిరాకు.

"సర్లే, పొద్దున్న పూట ఆపుతాను. ఫొటో మాత్రం బాగా రావాల. మేడమ్‌కి నాను మాటిచ్చాను" అంది.

29 అక్టోబర్

పొద్దున్న మిషన్ ఆపింది. ఫొటోలు కొంచెం నయం.

నయమే.

30 అక్టోబర్

నిన్నటివి మళ్ళీ పెద్దవి చేసి చూశాను. నయం లేదు. పొద్దున్న ఆపినా ముందురోజు ఆడిన అదురు గోడల్లో ఉండిపోతుందేమో. స్లాబు పాతది. మిషన్ని కొన్నాళ్ళు బజారులో నాన్న కొట్టు వెనకాలకి మార్చమన్నాను.

"బస్తాల మధ్యన, ఎలకల మధ్యన నాను ఆడవాళ్ళ కొలతలు తీసుకోవాలేటి?"

"కొన్నాళ్ళే."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటోడే" అంది.

నాకు బాగా తగిలింది. తగిలిందని తెలియనివ్వలేదు. ఏమన్నానో ఇక్కడ రాయను.

1 నవంబర్, ఆదివారం

మాటల్లేవు. మిషన్ మాత్రం మధ్యాహ్నమంతా ఆడింది. కావాలనే గట్టిగా తొక్కుతోంది.

2 నవంబర్

పొద్దున్న ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు మేడ మీదికెళ్ళి మిషన్ బెల్టు తీసేశాను. మిషన్ పై చక్రానికీ కింద తొక్కుడు చక్రానికీ మధ్య ఉండే తోలు బెల్టు. నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. చిన్న వస్తువే. పని అయ్యాక ఇచ్చేద్దామనే.

ఆమె పైకెళ్ళింది. కాసేపటికి మెట్ల మీద అడుగులు. స్టూడియో గుమ్మంలో నిలబడింది.

"బెల్టేది?"

నేను కెమెరాలోంచి చూస్తూ ఉండిపోయాను. చీర మీద ఫోకస్ పెడుతున్నట్టు.

"నిన్నే. బెల్టేది బావా?"

"పనవనీ. ఇస్తాను."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి, అక్కడితో తీరిపోయేది. ఆమె పైకెళ్ళి జాకెట్ ముక్కలన్నీ సంచీలో సర్దుకుని, వెనకగదిలో నాన్నతో "మావయ్యా, అమ్మ దగ్గరికెల్తన్నాను" అని చెప్పి, మధ్యాహ్నం పాసింజరుకి పొందూరు వెళ్ళిపోయింది.

సాయంత్రం నాన్న అక్షింతలు. మాటలవి. "ఆలి చేతిలో పని లాక్కున్నోడు వ్యాపారం ఏటి సేస్తాడ్రా? నా సెల్లెలికి నాను ఏ మొగం పెట్టుకుని ఫోన్ సెయ్యాల? ఆ కెమెరా మూసీసి కొట్లో కూకో. కడుపులో సల్ల కదలకుండా ఉంటాది."

3 నవంబర్

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పనికి ఇదే కావలసింది.

అదురు.

4 నవంబర్

పైన మిషన్ లేదు. బెల్టు నా జేబులో ఉంది. నీళ్ళ గ్లాసు పెట్టాను. వణకలేదు. ఫొటో వణికింది.

రైళ్ళే అయి ఉంటాయి.

5 నవంబర్

అత్త ఫోన్. "ఒరే కళ్యాణ్, ఆ విశాఖ మేడమ్ దీనికి రెండుసార్లు ఫోన్ సేసింది. ఆదివారంలోపు ఫొటో రాకపోతే తన మనిషిని పంపుతాదట. అదేమో మా బావ ఇచ్చేస్తాడండీ అనే సెప్తన్నాది. ఇక్కడ కూకుని నీకోసం అబద్ధాలాడతన్నాది."

ఒక్కసారి ఝాన్సీకి ఇవ్వమన్నాను. పక్కనే ఉన్నట్టుంది. అత్త అటు తిరిగి ఏదో అడిగింది.

"కాజాలు కుడతన్నాదట. సెయ్యి ఖాళీ లేదట."

కాజాలు చేత్తోనే కుడతారు. దానికి బెల్టు అక్కర్లేదు.

ఆమె లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు. ఈ సంగతి కూడా ఎవరికీ చెప్పను. ఆమెకి చెప్పాలి, ఆమెకి మాత్రం.

6 నవంబర్, శుక్రవారం

ఈరోజుది మొత్తం రాయాలి.

రైళ్ళకి దూరంగా తీద్దామని చీర, కెమెరా, ట్రైపాడ్ పట్టుకుని బజారులో నాన్న కొట్టుకి వెళ్ళాను. పొద్దున్న పూట అక్కడ వీధి వెలుతురు మెత్తగా లోపలికి వస్తుంది. నాన్న ఏదో అనబోయి మానుకుని, పప్పు డబ్బాలు జరిపి బల్ల ఖాళీ చేసి ఇచ్చాడు. బస్తాల మధ్య ట్రైపాడ్ కాళ్ళు విప్పడానికి జాగా చాలలేదు. విసుగెత్తి దాన్ని గోడకి ఆనించి, సగం ఖాళీ అయిన బియ్యం బస్తా మీద గుంట చేసి కెమెరా కూర్చోబెట్టాను. టైమర్ పెట్టబోతుంటే పక్కనున్న పిండిమర ఆన్ చేశారు. కొట్టంతా గడగడలాడింది. తక్కెడ పళ్ళాలు గలగలమన్నాయి. ఇంకేం వస్తుంది, వచ్చినట్టే ఉంది అనుకుని, కోపంతోనే నొక్కాను.

చిన్న తెరలో పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. పోగు పక్కన పోగు లేదు. ఒక్కటే పోగు. దాని మీద నూగు కూడా కనపడుతోంది.

పిండిమర ఆడుతూనే ఉంది. మళ్ళీ తీశాను. మళ్ళీ అంతే. నిలువుపోగు, అడ్డపోగు, మధ్యన చీకటి గళ్ళు.

నాన్నకి చూపించాను. కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశాడు. "ఇది మన పొందూరు చీరేనేట్రా" అన్నాడు. తరవాత కళ్ళు తుడుచుకుని "సూసావా, దసరాకి నాను ఏసిన అక్షింతలు ఊరికే పోతాయేటి" అన్నాడు.

అప్పుడు గోడకి ఆనించిన ట్రైపాడ్ వైపు చూశాను.

పిండిమర అదురుని బియ్యం బస్తా మింగేసింది సరే, నిశ్శబ్దంగా ఉన్న నా ఇంట్లో అదురు ఎలా వచ్చింది? అక్కడ వాడి ఇక్కడ వాడనిది అదొక్కటే. దాన్ని ఇన్నాళ్ళూ నేను అనుమానించలేదు. కొత్తది, నేను ఏరికోరి కొన్నది, పూజ చేసుకున్నది. వేలిని అనుమానించాను, అద్దాన్ని, రైళ్ళని, గోడల్ని. మేడ మీద మనిషిని.

హెడ్ మీట తెరిచాను. కెమెరా ప్లేటు కూర్చునే గాడిలో మూల, ఎండిపోయిన గంధం బొట్టు. తుడవకూడదని నేను తుడవనిది. గోటితో గీకాను. అందులో అతుక్కుని ఒక పసుపు బియ్యపు గింజ. ఒకే ఒక్క అక్షింత. ప్లేటు దాని మీద ఒక పక్క ఎత్తుగా కూర్చుని, మీట బిగించినా లోపల సన్నగా ఊగుతూ ఉండిపోయింది.

దీని తల ఏదిరా అని అడిగాడు నాన్న. నేనే చూపించాను.

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది, రెండూ మింగేశాను. నాన్న ఎదురుగా ఉన్నాడు, ఎవరో బెల్లం కొనడానికొస్తే కెమెరా చూపించి తన అక్షింతల మహిమ చెప్తున్నాడు. ఆయనకి చెప్పను. ఎప్పటికీ చెప్పను.

7 నవంబర్

పొద్దున్న పాసింజరుకి పొందూరు వెళ్ళాను. ఝాన్సీ వెనక వసారాలో కూర్చుని చేత్తో హెమ్మింగ్ చేస్తోంది. అత్త కాఫీ ఇచ్చి, నా మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"ఏటి, ఫొటో అయిపోయిందా?" తల ఎత్తకుండా అడిగింది.

"అయింది. బాగా వచ్చింది."

"నా మిషన్ ఆగితే గాని అవ్వలేదన్నమాట."

"కాదు. పిండిమర పక్కన తీశాను. మర ఆడతండగానే తీశాను."

అప్పుడు తలెత్తింది. కాగితంలో చుట్టి తెచ్చిన గింజ తీసి ఆమె చేతిలో పెట్టాను. ఇదేటి అని అడిగింది. మీ మావయ్య అక్షింత అన్నాను. మొత్తం చెప్పాను. దీని తల ఏదిరా అన్న దగ్గరికొచ్చేసరికి ఆమెకి నవ్వాగలేదు. లోపల అత్త కూడా నవ్వింది. నేనూ నవ్వాను, గండం గడిచిందనుకుని.

ఆమె నవ్వడం ఆపేసింది.

"మావయ్యకి సెప్పావా?"

"లేదు."

"సెప్పకు. పాపం, ఆ మనిషి ఇన్నాళ్ళకి ఒక్కసారి నీ గదిలోకి వచ్చాడు." గింజని కాగితంలో మళ్ళీ చుట్టింది. "గింజకేటి తెలుసు బావా. మావయ్యకేటి తెలుసు. బెల్టు తీసింది నువ్వు గదా. తెలిసే తీసావు."

"తప్పయిపోయింది ఝాన్సీ."

"ఊఁ."

జేబులోంచి బెల్టు తీసి ఇచ్చాను. తీసుకుంది. వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. ఇక రాదేమోనని నాకు భయం పట్టుకుంది.

"రేపు వస్తాను. నాను పైన ఆడతాను. నువ్వు కింద, ఆ మూడుకాళ్ళదాని మీదే పెట్టి తియ్యి. నా మిషన్ మీద పడిన నింద నా మిషన్ ఆడతండగానే పోవాల."

8 నవంబర్, ఆదివారం

ట్రైపాడ్ హెడ్‌ని తడిబట్టతో తుడిచాను. పూజ బొట్టు తుడిచిన పాపం నాదే. ప్లేటు టక్కుమని కూర్చుంది. మీట నూనె రాసినట్టు పడింది. ఇంత హాయిగా పడాల్సిన మీట ఇన్నాళ్ళూ బిగుసుకుంటే కొత్తదనుకున్నానా, నన్నేమనాలి.

పైన మిషన్ మొదలైంది. ఎంత గట్టిగా తొక్కగలదో అంత గట్టిగానూ తొక్కింది. నీళ్ళ గ్లాసు పెట్టలేదు. అద్దం ఎత్తి, టైమర్ పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాను.

పోగులు లెక్కపెట్టొచ్చు.

మెట్ల కింద నుంచి పిలిచాను. మిషన్ ఆగింది. వచ్చి కంప్యూటర్ ముందు వంగి చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ ఈ బట్ట మధ్యన పెరిగిన మనిషి, దాన్నెప్పుడూ చూడనట్టు చూసింది. తెర మీద వేలు పెట్టి ఒక పోగు వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళింది.

"బాగుంది బావా. నిజంగా బాగుంది."

నా ప్రాణం లేచొచ్చింది. అయిపోయిందనుకున్నాను. ఫొటో మేడమ్‌కి పంపించేశాను. ఆమె గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"అదిరుంటే?"

"ఏటి?"

"ఇప్పుడు తీసింది అదిరుంటే, నిజంగా నా మిషన్ వల్లే అని తేలుంటే, ఏటి సేద్దువు?"

నేను తడిబట్ట తీసి, శుభ్రంగా ఉన్న హెడ్డునే మళ్ళీ తుడిచాను. ఆమె పైకెళ్ళిపోయింది. మిషన్ మళ్ళీ మొదలైంది.

9 నవంబర్

జవాబు దొరకలేదు.

11 నవంబర్, దీపావళి

మేడమ్ ఫోన్ చేసింది. నిండు పేజీ కాదు, రెండు పేజీలకీ పరుస్తుందట. పొందూరు వాళ్ళ చీరలన్నిటికీ ఫొటోలు నన్నే తియ్యమంది. నాన్న కొట్లో వచ్చినవాళ్ళందరికీ అక్షింతల కథ చెప్తున్నాడు. సంక్రాంతికి మళ్ళీ వేస్తాడట. ఈసారి ట్రైపాడ్ దాచేస్తాను.

మతాబులు కాల్చి వచ్చాక ఝాన్సీకి చెప్పాను. మూడు రోజులు ఆలోచించి కూర్చుకున్న జవాబు. "అదిరుంటే, ట్రైపాడ్ పట్టుకుని నేనే కొట్టుకి పోయుందును. నీ మిషన్ జోలికి వచ్చుండను."

"అబద్ధం" అంది. కోపంగా కాదు, మామూలుగా.

అబద్ధమే. అలా చెయ్యాలని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

మిగతాదంతా ఎప్పటిలాగే ఉంది. వండుతోంది, బావా అని పిలుస్తోంది, నా చొక్కాకి ఊడిన బొత్తాం అడగకుండానే కుట్టింది. ఒక్కటే కొత్త. సాయంత్రం పనయ్యాక మిషన్‌కి గుడ్డ కప్పే ముందు బెల్టు ఊడదీసి, మడిచి, తన ట్రంకు పెట్టెలో పెట్టుకుని తాళం వేస్తోంది. పొద్దున్నే తీసి మళ్ళీ తొడుగుతోంది.